గర్భస్రావం నైతికతను తూచడానికి ఏ పద్ధతి: పిండం హోదా, హక్కులు, సద్గుణ నీతి మధ్య పోలిక

"అబార్షన్ తప్పా, కాదా?" అని నలుగురు మాట్లాడుకుంటున్నప్పుడు చాలాసార్లు అక్కడ నడిచేది ఒక వాదన కాదు, మూడు. "తప్పు లేదు" అని ఒకరంటే దానర్థం చట్టం ఒప్పుకుంటుందని. ఇంకొకరంటే, ఆమెను ఆపే హక్కు ఎవరికీ లేదని. మరొకరంటే, ఆమె ఉన్న పరిస్థితిలో అదే మంచి నిర్ణయమని. ఒకే మనిషి మొదటిదానికి అవుననీ మూడోదానికి కాదనీ చెప్పొచ్చు, అందులో వైరుధ్యమేమీ లేదు.

నీతిశాస్త్రంలో ఈ విషయం మీద గట్టిగా నిలబడ్డ పద్ధతుల్లో ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు జవాబుగా పుట్టింది. ఒకదాని ప్రశ్నను తీసుకెళ్లి ఇంకోదాన్ని అడిగితే సరైన జవాబు రాదు. సివిల్స్ ఎథిక్స్ పేపర్‌కి చదివేవాళ్లు, లా విద్యార్థులు, ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసేవాళ్లు, తమ ఇంట్లోనే ఈ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినవాళ్లు, వీళ్లలో ఎవరికి ఏది పనికొస్తుందో చూద్దాం. మా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాం. చట్టం ఎలా ఉండాలన్న ప్రశ్నకు హక్కుల పద్ధతి సరిపోతుంది. "ఇప్పుడు నేనేం చేయాలి, ఎలా చేయాలి" అన్న ప్రశ్నకు సద్గుణ నీతికి, అంటే మంచి గుణమున్న మనిషి ఈ పరిస్థితిలో ఎలా నడుచుకుంటుందని అడిగే పద్ధతికి, మించింది లేదు. కానీ అదే సద్గుణ నీతిని పక్కింటావిడ మీద ప్రయోగిస్తే అంత చెడ్డ పద్ధతీ ఇంకోటి లేదు.

అంతా పిండం హోదాలోనే ఉందనే పద్ధతి

ఇది అందరికీ తెలిసిన దారి. పిండం మనిషైతే తీసేయడం హత్య, కాకపోతే అందులో తప్పేమీ లేదు. కాబట్టి పిండం ఎప్పుడు మనిషవుతుందో తేల్చుకుంటే చాలు.

1973లో తత్వవేత్త మేరీ ఆన్ వారెన్ ఈ దారిలో ఒక కొస దాకా వెళ్లారు. స్పృహ, ముఖ్యంగా నొప్పి తెలియడం, ఆలోచించే శక్తి, తనంత తాను పూనుకుని పనులు చేయడం, భావాలు తెలియజేయడం, తానంటూ ఒకరున్నానన్న ఎరుక, ఈ అయిదింటిలో ఏదీ లేనిదాన్ని నైతిక అర్థంలో వ్యక్తి అనలేమన్నారు. 1989లో ఇంకో తత్వవేత్త డాన్ మార్క్విస్ రెండో కొసకు వెళ్లారు. ఎవరినైనా చంపడం ఎందుకు తప్పు? వాళ్లకు ముందున్న జీవితాన్ని, అందులోని అనుభవాలన్నిటినీ లాగేసుకుంటున్నాం కాబట్టి. మనకున్నలాంటి భవిష్యత్తే పిండానికీ ఉంది కాబట్టి దాన్ని తీసేయడం చాలావరకు తప్పే అన్నారు. ఈ వాదనలో మతం ఊసే లేదు. అందుకే దాన్ని తేలిగ్గా తోసేయడం కుదరలేదు.

రెండూ ఒకేచోట బలహీనపడతాయి. వారెన్ అయిదు లక్షణాలూ అప్పుడే పుట్టిన బిడ్డకూ పూర్తిగా లేవు. మరి ఆ బిడ్డ సంగతేమిటని అందరూ అడిగితే ఆమె తర్వాత అనుబంధం రాసి సర్దిచెప్పాల్సి వచ్చింది. మార్క్విస్ తన వ్యాసం మొదట్లోనే అత్యాచారం వల్ల వచ్చిన గర్భం, తల్లి ప్రాణానికి ముప్పున్న గర్భం లాంటివాటిని పక్కన పెట్టేశారు. జనం నిజంగా నలిగిపోయే సందర్భాల్లో కొన్ని అవే. పైగా రెండు వాదనల్లోనూ ఆ స్త్రీ ఎక్కడా కనబడదు. ఆమెకు రక్తం ఎంత ఉంది, ఇంట్లో ఎందరు పిల్లలు, ఈ గర్భం ఎలా వచ్చింది అన్నవేవీ లెక్కలోకి రావు.

వారాల గీతలతోనూ ఇదే తంటా. ఆరో వారం ప్రాంతంలో స్కానింగ్‌లో గుండె కదలిక కనిపిస్తుంది. తొలిచూలు గర్భిణికి బిడ్డ కదలిక తెలిసేది 18 నుంచి 20 వారాల మధ్య. బయట బతికే అవకాశం మొదలయ్యేది 24వ వారం అటూఇటూగా. వీటిలో ఏదో ఒకటి పట్టుకుని "ఇదే హద్దు" అంటే, ఒక రోజు ముందుకీ తర్వాతకీ నీతి మొత్తం తలకిందులవుతుందని ఒప్పుకోవాలి. చట్టానికి అలాంటి గీత తప్పదు. మనసుకు అది అంతగా ఒప్పదు.

శరీరం మీద హక్కు అనే పద్ధతి

1971లో తత్వవేత్త జుడిత్ జార్విస్ థామ్సన్ ఒక వ్యాసంలో వాదనను ఒక్కసారిగా ఇంకో వైపు తిప్పారు. సరే, పిండం మనిషే అనుకుందాం, అయినా అది మీ శరీరాన్ని వాడుకోవచ్చని ఎలా తేలుతుంది అని అడిగారు. ఆమె చెప్పిన ఉదాహరణ ఇది: మీరు నిద్రలేచేసరికి గొప్ప వయొలిన్ విద్వాంసుడి రక్తప్రసరణను మీ మూత్రపిండాలకు కలిపేశారు. తొమ్మిది నెలలు ఇలాగే ఉంటే ఆయన బతుకుతాడు. ఉంటే మీది గొప్ప మనసే. కానీ ఉండి తీరాలని మిమ్మల్ని ఎవరూ నిర్బంధించలేరు.

చట్టం గురించి మాట్లాడేవాళ్లకు ఈ పద్ధతి ఎందుకు పనికొస్తుందంటే, పిండం హోదా తేలకపోయినా ఇది నిలబడుతుంది. నమ్మకాలు కలవని కోట్లమంది ఒకే చట్టం కింద బతకాలంటే అలాంటి వాదనే కావాలి. దీని బలహీనత కూడా అందరూ ఎత్తి చూపిందే. వయొలిన్ ఉదాహరణ బలవంతపు గర్భానికి అతికినంత బాగా, ఇద్దరూ ఇష్టపడి కలిసినప్పుడు వచ్చిన గర్భానికి అతకదు. థామ్సన్ దానికీ జవాబులు చెప్పారు, కానీ అవి మొదటి ఉదాహరణంత సూటిగా తగలవు.

మాకు ముఖ్యమనిపించేది ఆ వ్యాసం చివర్లో ఉంది. విదేశీ ప్రయాణం వాయిదా వేసుకోవడం ఇబ్బందని ఏడో నెలలో గర్భం తీసేయమని అడిగితే, అలా అడగడం మర్యాద తప్పిన పని అంటుంది థామ్సన్. ఆ పని చేసిపెట్టే డాక్టర్ గురించీ అదే మాట అంటుంది. హక్కుల వాదాన్ని అంత బలంగా నిలబెట్టిన మనిషే ఇక్కడికొచ్చేసరికి హక్కుల మాట వదిలి గుణం గురించి మాట్లాడాల్సి వచ్చింది. హక్కు ఉందనడం వేరు, ఆ హక్కును ఎలా వాడుకున్నామన్నది వేరు. ఆ రెండోదాన్ని తూచడానికి హక్కుల పద్ధతిలో ఏమీ లేదు.

ఫలితాల లెక్క, అంటే ఏది చేస్తే మొత్తం మీద బాధ తగ్గుతుందన్న పద్ధతి, ప్రజారోగ్య విధానానికి బాగా సరిపోతుంది. అబార్షన్‌ను నిషేధిస్తే జనం నాటు పద్ధతుల్లోకి దిగి ప్రాణాలు పోగొట్టుకుంటారన్నది బలమైన వాదన. మన దేశంలో 1964లో అబార్షన్ విషయం పరిశీలించడానికి శాంతిలాల్ షా కమిటీ వేయడానికి, 1971లో కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌ను అనుమతించే చట్టం రావడానికి దారి తీసిన ఆందోళన చాలావరకు అదే. కానీ నిర్ణయం తీసుకోబోయే ఒక్క మనిషికి ఈ లెక్క అంతగా సాయపడదు. పుట్టబోయే బిడ్డ సుఖదుఃఖాలను ఎవరూ ముందే కూడికలు తీసివేతలు చేసి చెప్పలేరు.

సద్గుణ నీతి అడిగే ప్రశ్న

అరిస్టాటిల్ నుంచి వచ్చిన ఈ పద్ధతిని 1958లో తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ మళ్లీ చర్చలోకి తెచ్చారు. గర్భస్రావానికి దాన్ని అన్వయించి చూపినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది తత్వవేత్త రోసలిండ్ హర్స్ట్‌హౌస్‌ను. 1991లో ఆమె రాసిన వ్యాసం గర్భస్రావం దగ్గరికి వచ్చేసరికి మొదట చేసే పని, ఇప్పటిదాకా చెప్పుకున్న రెండు ప్రశ్నలనూ పక్కన పెట్టడం.

హక్కు సంగతి చట్టానికి వదిలేయండి అంటుంది. నాకు హక్కున్న పనినే నేను క్రూరంగా చేయొచ్చు, స్వార్థంతో చేయొచ్చు, ఆలోచన లేకుండా చేయొచ్చు. కాబట్టి హక్కుందని తేలినంత మాత్రాన నేను చేసింది మంచిపని అని తేలదు. పిండం హోదా గురించి ఆమె చెప్పింది మరీ లోతైన మాట. మంచిగా బతకడానికి కావాల్సిన వివేకం తత్వవేత్తలకు మాత్రమే అందే రహస్య జ్ఞానం కాకూడదు. చదువురాని మనిషి కూడా వివేకవంతుడు కాగలగాలి. అందువల్ల పిండం వ్యక్తా కాదా అన్న చిక్కుముడి విప్పితే తప్ప ఎవరూ సరిగ్గా నడుచుకోలేరనడం తప్పంటుంది.

మరి దేన్ని ఆధారం చేసుకోవాలి? అందరికీ తెలిసిన సంగతులనే. కలయిక వల్ల గర్భం వస్తుంది, అది తొమ్మిది నెలలు పెరుగుతుంది, మనమంతా అలా వచ్చినవాళ్లమే. గర్భాన్ని మోయడం ఒంటికి భారం, కనడం నొప్పి, పెంచడం ఏళ్ల తరబడి పని. తల్లితనం, తండ్రితనం జీవితానికి అర్థమిచ్చే విషయాల్లోవి, అర్థమిచ్చేవి అవి మాత్రమే కావు. ఈ సంగతులను వాటికి తగ్గట్టుగా పట్టించుకునే మనిషి గర్భం తీయించుకోవడాన్ని అపెండిక్స్ ఆపరేషన్‌లా చూడదు. అలాగని ప్రతిసారీ అదొక నేరమనీ అనుకోదు.

ఇక్కడ ఆమె చూపించే ఒక ఆధారం మన ఇళ్లలో రోజూ కనిపించేదే. రెండో నెలలో కడుపు పోతే దిగులుపడతాం, తర్వాత మెల్లగా తేరుకుంటాం. సీమంతమయ్యాక ఏడో నెలలో పోతే ఆ ఇల్లు కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది. ఆ తేడా తప్పని ఎవరూ అనరు. పిండం పెరిగేకొద్దీ మన మనసులో దాని స్థానమూ పెరుగుతుంది. అందువల్ల ఏడో వారంలో తీసుకునే నిర్ణయాన్నీ ఇరవయ్యో వారంలో తీసుకునేదాన్నీ ఒకేలా చూడలేం. ఈ పద్ధతిలో వారాలు లెక్కలోకి వస్తాయి, కానీ ఒక గీతగా కాదు.

ఇప్పుడు పని అదే అయినా గుణం మారడం చూడండి. ముగ్గురు పిల్లల తల్లి, కూలి పనికి పోతేగానీ ఇల్లు గడవదు, హిమోగ్లోబిన్ 7 గ్రాముల దగ్గర ఆగిపోయింది. ఆమె ఇంకో గర్భం మోయలేనంటే అందులో స్వార్థమూ లేదు, బిడ్డంటే తేలికభావమూ లేదు. ఉన్న ముగ్గురి మీద బాధ్యతే ఉంది. ఇంకోచోట భర్త ఆడపిల్లని తెలుసుకుని తీయించేయమంటున్నాడు. లింగ నిర్ధారణ 1994 చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ కోరికలోనే బిడ్డ పట్ల, భార్య పట్ల, తనను కన్న తల్లి పట్ల తృణీకారం ఉంది. స్త్రీ స్వేచ్ఛ అన్న ఒక్క మాటతో బయల్దేరిన వాదన ఈ సందర్భంలో తడబడుతుంది. సద్గుణ నీతి మాత్రం ఏది చెడిందో సూటిగా చూపిస్తుంది.

మగవాళ్లు ఇందులో తప్పించుకోలేరు. గర్భం సంగతి తెలియగానే ఫోన్ ఎత్తడం మానేసినవాడు, "నీ ఇష్టం" అని చేతులు దులుపుకుని దాన్నే గౌరవం అనుకున్నవాడు, ఇద్దరి గుణమూ లెక్కలోకొస్తుంది. హర్స్ట్‌హౌస్ తను చెప్పినవి మగపిల్లలకూ మగవాళ్లకూ వర్తిస్తాయని విడిగా చెప్పింది. మిగతా పద్ధతుల్లో మగవాడి ఊసు రావడమే అరుదు.

సరైన నిర్ణయం తీసుకున్నాక కూడా దుఃఖం మిగలొచ్చని, ఆ దుఃఖం అబద్ధం కాదని ఒప్పుకోవడం ఈ పద్ధతికున్న ఇంకో బలం. "నీ హక్కే కదా, ఎందుకేడుస్తావు" అనదు. "ఏడుస్తున్నావంటే తప్పు చేసినట్టే" అనీ అనదు. కౌన్సెలింగ్ చేసేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టుకున్నా ఎంతో మేలు.

ఒక నిజమైన కేసు మీద పెట్టి చూస్తే

2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసు ఇది. ఇద్దరు పిల్లల తల్లి. కాన్పు తర్వాత వచ్చిన తీవ్రమైన మానసిక సమస్యకు మందులు వాడుతోంది. పాలిస్తున్న రోజుల్లో నెలసరి రాకపోవడం మామూలే కాబట్టి మళ్లీ గర్భం వచ్చిందని చాలా ఆలస్యంగా తెలిసింది. అక్టోబర్ 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతించింది. బిడ్డ బతికే అవకాశం ఉందని ఎయిమ్స్ డాక్టర్ రాశాక, 11న ఆ ఇద్దరి మధ్యే అభిప్రాయం చీలింది. జస్టిస్ హిమా కోహ్లి తన మనస్సాక్షి ఒప్పుకోవడం లేదన్నారు. జస్టిస్ నాగరత్న ఆ స్త్రీ నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. అక్టోబర్ 16న ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం అనుమతి నిరాకరించింది. అప్పటికి 26 వారాల 5 రోజులు. పిండంలో లోపం లేదు, తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు లేదు, చట్టం పెట్టిన 24 వారాల పరిమితి దాటింది.

హోదా పద్ధతితో చూస్తే బయట బతకగలిగే దశ దాటింది కాబట్టి జవాబు దాదాపు కోర్టు చెప్పిందే. హక్కుల పద్ధతితో చూస్తే చిక్కు తెగదు. గర్భం నుంచి విడుదల కోరే హక్కు ఉందనుకున్నా, బిడ్డ చనిపోవాలని కోరే హక్కు అందులో లేదని థామ్సనే రాసింది. ఆ దశలో ఈ రెండూ విడివడతాయి. కోర్టు ముందు నలిగింది అచ్చంగా ఇదే.

సద్గుణ నీతితో చూస్తే ముందు గుర్తించాల్సింది, ఆమె ఆలస్యంలో నిర్లక్ష్యం లేదని. తన జబ్బు సంగతి, ఉన్న ఇద్దరు పిల్లల సంగతి ఆలోచించి అడిగింది. ఆ అడగడాన్ని చెడ్డగుణం కింద ఎవరూ జమకట్టలేరు. అదే సమయంలో 26 వారాల బిడ్డ విషయంలో డాక్టర్ వెనకాడడం కూడా మంచి గుణమే. ఇద్దరు మంచివాళ్లు రెండు వైపులా నిలబడే సందర్భం ఇది. తీర్పు ఏమివ్వాలో ఈ పద్ధతి కోర్టుకు చెప్పలేదు. ఎవరిని నిందించకూడదో మాత్రం చెబుతుంది. ప్రసవం ఖర్చు ప్రభుత్వం భరించాలని, బిడ్డను దత్తతకు ఇవ్వాలనుకుంటే ఆమె ఇవ్వొచ్చని కోర్టు అన్న మాటలు ఎందుకు అవసరమయ్యాయో కూడా ఈ చూపులోనే బాగా అర్థమవుతుంది.

సద్గుణ నీతి ఎక్కడ చెడిపోతుంది

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు, సద్గుణం అంటే త్యాగం అనుకోవడం. "మంచి తల్లి ఏదైనా భరిస్తుంది" అన్నది అరిస్టాటిల్ మాట కాదు. ఆయన లెక్కలో ప్రతి గుణానికీ రెండు పక్కలా లోపాలుంటాయి. బాధ్యతకు ఒక పక్క నిర్లక్ష్యం, రెండో పక్క తన ఒంటినీ బతుకునూ అసలు లెక్కచేయకపోవడం. అత్తగారు, ఆడపడుచులు చుట్టూ కూర్చుని గుణాల పట్టిక చదవడం మొదలుపెడితే రెండో పక్క లోపాన్నే సుగుణంగా నూరిపోసే ప్రమాదం ఉంది.

రెండో తప్పు, బయటి నుంచి గుణాన్ని చదవడం. ఆమె ఎందుకు ఆ నిర్ణయం తీసుకుందో బయటివాళ్లకు తెలిసేది పావు వంతు కూడా ఉండదు. భర్త కొడతాడని, డాక్టర్ ఏం చెప్పారని, ముందు కాన్పులో ఏం జరిగిందని ఆమె అందరికీ చెప్పుకోదు. ఆ వివరాలు లేకుండా "స్వార్థం" అనడం తెలియని విషయం మీద తీర్పు చెప్పడమే, అదీ ఒక దుర్గుణమే. ఈ పద్ధతి నిర్ణయం తీసుకునే మనిషి చేతిలో ఉండాలి.

మూడోది అపరాధభావాన్ని సాక్ష్యంగా తీసుకోవడం. పెంపకం వల్ల, జనం మాటల వల్ల కూడా అపరాధభావం పుడుతుంది. అది వచ్చిందంటే ఎందుకొచ్చిందో వెతకాలి, దాన్నే తీర్పు చేసుకోకూడదు.

ఈ పద్ధతి మీద పండితులు చేసే పాత విమర్శ ఒకటుంది: సద్గుణవంతులు చేసేదే మంచిపని, మంచిపనులు చేసేవాళ్లే సద్గుణవంతులు అంటే చుట్టూ తిరిగి మొదటికే వచ్చినట్టు కదా అని. మా దృష్టిలో ఆచరణలో ఇది అనుకున్నంత అడ్డు కాదు. క్రూరత్వం, పిరికితనం, నిజాయితీ లాంటి మాటలకు సిద్ధాంతం లేకుండానే మనకు అర్థం తెలుసు. సిసలైన పరిమితి వేరే ఉంది. ఇది చట్టం రాయలేదు. గుణాన్ని బట్టి అనుమతి ఇచ్చే చట్టం వస్తే ఆసుపత్రి కౌంటర్ దగ్గర ప్రతి స్త్రీ తన శీలాన్ని రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

ఎవరు ఏది తీసుకోవాలి

లా విద్యార్థులు, విధానం మీద రాసేవాళ్లు హక్కులనూ ఫలితాలనూ కలిపి వాడండి. పెళ్లైనవాళ్లకున్నట్టే పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల వరకు వెసులుబాటు ఉండాలన్న 2022 సెప్టెంబర్ 29 నాటి సుప్రీంకోర్టు తీర్పు గుణాల గురించి కాదు, సమానత్వం గురించి.

సివిల్స్ కేస్ స్టడీలో సద్గుణ నీతిని వాడేటప్పుడు "కరుణ, ధైర్యం, నిజాయితీ" అని పేర్లు వరసపెట్టి రాస్తే ఉపయోగం లేదు. ఈ కేసులో ధైర్యం అంటే ఎవరు ఏం చేయడం, పిరికితనం ఎలా కనిపిస్తుంది అని రాయండి. ఒక డాక్టర్ తనకిష్టం లేదని రోగిని రేపు రమ్మని, ఎల్లుండి రమ్మని తిప్పితే అది మనస్సాక్షి కాదు. ఇష్టం లేకపోతే ఆ రోజే సూటిగా చెప్పి, చేసే డాక్టర్ దగ్గరికి పంపడంలోనే నిజాయితీ ఉంది.

ఇంట్లో నిర్ణయం తీసుకునేవాళ్లు మాత్రం ముందు నీతిశాస్త్రం తీయకండి, క్యాలెండర్ తీయండి. వారాలు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి. రెండు వారాల తేడా ఇక్కడే వచ్చేస్తుంది. 1971 చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ నిబంధనల్లో చెప్పిన వర్గాలకే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భం మధ్యలో భర్త చనిపోయినవాళ్లు లేదా విడాకులైనవాళ్లు, పిండంలో తీవ్ర లోపం బయటపడ్డవాళ్లు మొదలైనవాళ్లకు. 24 దాటితే పిండంలో గణనీయమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం కాపాడడానికి తక్షణం అవసరమైతే ఈ పరిమితులు అడ్డురావు. 18 నిండిన స్త్రీకి మామూలుగా తన సమ్మతి ఒక్కటే కావాలి, భర్త సంతకం చట్టం అడగదు. టిఫా స్కాన్ (పిండం అవయవాల్లో లోపాలున్నాయేమో చూసేది) మామూలుగా 18 నుంచి 22 వారాల మధ్య తీస్తారు కాబట్టి, దాన్ని 22 దాకా లాగితే అందులో ఏదైనా లోపం కనిపించినా ఆలోచించుకోవడానికి మిగిలేది రెండు వారాలే.

ఆ గడువు తెలిశాక ఆమె ఒంటరిగా కూర్చుని తనను తాను అడగాల్సిన ప్రశ్నలు ఉంటాయి. ఎవరి భయం వల్ల ఈ నిర్ణయం వైపు జరుగుతున్నాను? ఆ భయం తీసేస్తే కూడా ఇదే కోరుకుంటానా? నా ఒంటి సంగతి, ఇంట్లో ఉన్న పిల్లల సంగతి నిజాయితీగా లెక్కలోకి తీసుకున్నానా, లేక చూడకూడదని పక్కకు నెట్టానా? కనాలనుకుంటే అయిదేళ్ల తర్వాత నా పక్కన ఎవరుంటారు? తీయించుకోవాలనుకుంటే ఎవరికి చెప్పుకుని ఏడవగలను? భర్త తనను తాను అడగాల్సినవి వేరు: ఆమె ఏది ఎంచుకున్నా నేను మోయబోయే భారం ఏమిటి, అది ఆమెకు నోటితో చెప్పానా? ఈ జవాబులు కాగితం మీద రాసుకుంటే మేలు. రాస్తుంటే ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడే మాట్లాడుకోవాల్సింది ఉంది. రెండు రోజులు మాట్లాడుకున్నా తేలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం ఆపొద్దు. స్కాన్, రక్తపరీక్ష చేయించుకున్నంత మాత్రాన ఏ నిర్ణయానికీ కట్టుబడినట్టు కాదు.